ఇప్పుడొద్దు, బెల్లు కొట్టాక చూద్దాం

(విజయనగరంలో ఇంటర్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కలిసి కూర్చున్న సభలో కుర్రాళ్ల చేత సిగరెట్టు మాన్పించడం గురించి ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. రారు. రారని నాకు తెలుసు. 31 ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను, గోడకి ఆనుకున్నవాడు పిలిస్తే ముందుకొచ్చిన రోజు ఒక్కటీ లేదు. పర్లేదు, అక్కడే ఉండండి. వినబడితే చాలు.

ఇందాక నన్ను పరిచయం చేసిన మేడం ‘నిపుణులు’ అన్నారు. అమ్మా, నేను డాక్టర్ని కాను. ఈల ఊదుకుని బతికినవాణ్ణి. ఊపిరి సంగతి కొంచెం తెలుసు, కుర్రాళ్ల సంగతి ఇంకొంచెం తెలుసు. ఆ రెండూ కలిసే చోట ఒకసారి తప్పు చేశాను, ఆ తర్వాత ఏదో కాస్త నేర్చుకున్నాను. అది చెప్పి దిగిపోతాను.

ముందుగా ఇక్కడున్న తండ్రుల్ని ఒక్కటి అడుగుతాను. చెయ్యెత్తక్కర్లేదు, పక్కన ఇంటావిడ కూర్చున్నారు. మీ మొదటి సిగరెట్టు మీ చేతికి ఎవరిచ్చారు? గుర్తు తెచ్చుకోండి. బడ్డీ కొట్టువాడా? వాడు అమ్ముతాడు గానీ ఇవ్వడు కదా. సినిమా హీరోనా? ఆయన తెర మీంచి చెయ్యి చాపి ఇవ్వలేదు. ఎవరిచ్చారు? అదుగో, ఆ మూల పెద్దాయన నవ్వుతున్నారు. ఫ్రెండేనా బాబూ? ఫ్రెండే.

నాకూ ఫ్రెండే ఇచ్చాడు. పదో తరగతి పరీక్షలైన రోజు, ఇక్కడే పెద్ద చెరువు గట్టు మీద. సగం వాడు కాల్చి సగం నాకిచ్చాడు. దగ్గొచ్చింది, కళ్లమ్మట నీళ్లొచ్చాయి, కడుపులో తిప్పింది. ‘బాగుందిరా?’ అన్నాడు. బాగుందన్నాను. ఎందుకన్నాను? బాగోలేదంటే రేపటి నుంచి గట్టు మీదకి పిలవడు. ఆ గట్టు మీద నాకో చోటు కావాలి, దానికి కట్టిన మొదటి కిస్తీ ఆ దగ్గు. తర్వాత 22 ఏళ్లు కడుతూనే ఉన్నాను. మెడలో ఈల, జేబులో పెట్టె. పిల్లలు చూడ్డం లేదనుకునేవాణ్ణి. ఎంత వెర్రి చూడండి, పిల్లలు చూసేదే అది.

మరి, పెట్టించినవాడు ఫ్రెండైతే మాన్పించడానికి మనం ఎవర్ని పంపుతున్నాం? ప్రిన్సిపాలుని. మావయ్యని. లేదంటే నాలాంటి వాణ్ణి తెచ్చి మైకు ముందు నిలబెడుతున్నాం. ఆ గట్టు మీద మనకి చోటు లేదండీ. అక్కడ మన మాట చెల్లదు. అక్కడ కూర్చునేవాళ్ల మాటే చెల్లుతుంది. నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటే, మిగిలినదంతా దీని చుట్టూ తిరగడమే.

మనం చేసేవి ఏమిటో ఒకసారి చూద్దాం. మొదటిది, ఉపన్యాసం. రెండోది, నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మ. మూడోది, దెబ్బలు. నాలుగోది, పైడితల్లమ్మ గుడి మెట్టు మీద ఒట్టు. బొమ్మ సంగతి చెప్తాను. 2016 నుంచి సిగరెట్టు పెట్టె మీద రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మే ఉండాలి. మంచిదే. కానీ మన కుర్రాడు పెట్టె కొంటాడా? డబ్బులెక్కడివి? ఒకటి కొంటాడు, విడిగా. వాడికి బొమ్మా కనబడదు, ఆ పెట్టె మీదే అచ్చేసిన మానిపించే ఫోను నంబరూ కనబడదు. కనబడినా, 17 ఏళ్లవాడికి 50 ఏళ్లప్పుడు వచ్చే క్యాన్సరు చెప్తే ఏమవుతుంది? 50 ఏళ్లంటే వాడి లెక్కలో మనం. మనలా అవుతాడని చెప్పి భయపెడుతున్నాం. వాడు ఎలాగూ మనలా అవ్వడని వాడి నమ్మకం.

ఇది పెద్దపిల్లల గొడవే అనుకోకండి. 2019లో దేశమంతా బడిపిల్లల మీద సర్వే చేశారు, గ్లోబల్ యూత్ టుబాకో సర్వే అంటారు, అది నాలుగో విడత. 13 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. అది సరే. సిగరెట్టు ముట్టుకున్న పిల్లల్లో 38 శాతం మంది పదేళ్లు నిండకుండానే ముట్టుకున్నారు. బీడీ అయితే 47 శాతం. పదేళ్లు నిండకుండా అంటే ఏ క్లాసండీ? నాలుగో, ఐదో. నిక్కరు జారిపోతుంటే పైకి లాక్కునే వయసు.

ఆ వయసులో ఎలా దొరుకుతుంది అంటారా? మన ఇళ్లల్లోనే. ‘ఒరే, సుట్ట ముట్టించి తేరా’ అని పొయ్యి దగ్గరికి పంపించిన మామ్మలు లేరా మన ఊళ్లల్లో? ముట్టించాలంటే ఒక దమ్ము లాగాలి కదా. అడ్డపొగ చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చాలామంది ఉన్నారు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని, వరినాట్లేస్తూ కూడా కాల్చేవారు మన ఆడవాళ్లు. గాలికి ఆరిపోదు, వాన చినుక్కి తడవదు. 1960ల్లో పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా తిరిగి 10,169 మంది నోళ్లు తెరిచి చూశారు. విజయనగరం జిల్లా ఇంకా పుట్టలేదు, 1979లో పుట్టింది, ఇవాళ్టి మన జిల్లాలో కొంత భాగం అప్పట్లో ఆ జిల్లాదే. ఆ చూసినవాళ్లలో వందకి 44 మంది దాకా అడ్డపొగ తాగేవాళ్లు. అంగుడు తెల్లబడి, గరుకెక్కి, కొందరికి అక్కడే పుండై ముదిరింది. ఈ సంగతి ప్రపంచంలో వైద్యులందరికీ తెలుసు, పుస్తకాల్లో మన శ్రీకాకుళం పేరు ఉంది. ఏ విషయంలో పేరొచ్చిందో చూడండి మనకి.

ఆ మామ్మలకి నేర్పిందెవరు? తోటి ఆడవాళ్లే. నాట్లలో పక్క వరసలో ఉన్నావిడే. అక్కడా డాక్టరు లేడు, మాస్టారు లేడు. సరే, ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

నేను పనిచేసిన ఒక చోట, పేరొద్దు, ఇంటర్ కుర్రాళ్లు ఇంటర్వెల్‌లో గోడ దూకి వెళ్లి కాల్చి వస్తున్నారని తెలిసింది. నాకు హుషారొచ్చింది. అప్పటికి నేను మానేసి రెండేళ్లయింది. కొత్తగా మానేసినవాడికి ఉండే పూనకం మీకు తెలుసు కదా. ఒక కమిటీ వేశాను. తోటి పిల్లలతోనే చెప్పించాలని ఎక్కడో చదివాను. మంచి ఆలోచనే. ఎవర్ని వేశాను? క్లాసు ఫస్టు వాణ్ణి, రెండో ర్యాంకు వాణ్ణి, వక్తృత్వంలో ప్రైజు కొట్టిన అమ్మాయిని. బ్యాడ్జీలు కుట్టించాను. పచ్చ రంగు బ్యాడ్జీ.

ఏమయింది? ఆ ఫస్టు ర్యాంకు కుర్రాడు పాపం చాలా శ్రద్ధగా పనిచేశాడు. వారం తిరిగేసరికి తొమ్మిది పేర్లు రాసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మర్నాడు ప్రార్థన దగ్గర ఆ కాయితం చదివాను. పైకి, మైకులో.

అందులో ఒకడు నా కబడ్డీ టీములో రైడరు. కాలు పెట్టాడంటే ఇద్దర్ని తాకి వచ్చేవాడు. వాడి తండ్రి జూట్ మిల్లులో పనిచేసేవాడు. వాడు ఆ రోజు సాయంత్రం గ్రౌండుకి రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు నేనే వెతుక్కుంటూ వెళ్తే, బస్సు షెల్టరు వెనక కూర్చుని ఉన్నాడు, చేతిలో అదే. దాచలేదు. నన్ను చూసి దాచకుండా ఇంకో దమ్ము లాగి అన్నాడు, ‘ఇంకేటి మాస్టారూ, అందరికీ తెలిసిపోనాది కదా.’

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దాచుకోవడంలో కూడా కొంచెం భయం, కొంచెం గౌరవం ఉంటాయండీ. ఆ కాయితం చదివి ఆ రెండూ తీసేసింది నేను.

తర్వాత నెమ్మది మీద తెలుసుకున్నాను. ఇలాంటి పని సరిగ్గా చేసినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో, వేల్స్ వైపు 59 బళ్లు తీసుకుని, సుమారు సగం బళ్లల్లో ఒక ప్రయత్నం చేశారు, ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. 12, 13 ఏళ్ల పిల్లలు. వాళ్లు ఎలా ఎంచారో వినండి. టీచర్లని అడగలేదు. పిల్లలకే కాయితాలిచ్చి, మీ క్లాసులో మీరు ఎవర్ని గౌరవిస్తారు, ఎవరి వెనక నడుస్తారు అని అడిగారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లని తీసుకున్నారు. ఆ జాబితా చూసి టీచర్లు నోళ్లు తెరిచి ఉంటారు, అది నా ఊహ. వాళ్లకి రెండు రోజులు బడి బయట శిక్షణ ఇచ్చి వదిలారు. సభలు లేవు, బ్యాడ్జీలు లేవు. పది వారాల పాటు బస్సులో, అన్నం తినే చోట, ఆటల్లో మామూలుగా కబుర్లలో కబురుగా మాట్లాడటమే పని. రెండేళ్ల దాకా గమనిస్తే, ఆ బళ్లల్లో పిల్లలు సిగరెట్టు పాలబడే పాళ్లు మిగతా బళ్ల కన్నా 22 శాతం తక్కువున్నాయి.

మన దేశంలోనూ జరిగింది. ఢిల్లీలో, చెన్నైలో కలిపి 32 బళ్లు, అందులో సగం బళ్లల్లో చేశారు, 2004 నుంచి 2006 దాకా. దానికి ‘మైత్రి’ అని పేరు పెట్టారు. అక్కడ పిల్లల్లోంచే నాయకుల్ని తీసి క్లాసులో చర్చలు నడిపించారు. రెండేళ్లలో ఆ బళ్లల్లో పొగాకు వాడకం 17 శాతం తగ్గింది. ఏమీ చెయ్యని బళ్లల్లో 68 శాతం పెరిగింది. పెరిగింది చూశారా? మనం ఊరుకున్నామంటే అది ఊరుకోదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇవి రెండూ ఎక్కువగా అంటుకోకుండా ఆపడం గురించి. అంటుకున్నది వదిలించడం వేరే పని, కష్టమైన పని. కానీ ఎవర్ని ఎంచాలి అన్న చోట పాఠం ఒకటే. కాబట్టి నేను కూడా కాయితాలు పంచాను. మూడు ప్రశ్నలు. నీకు కష్టమొస్తే ముందు ఎవరికి చెప్తావు? ఎవడు వద్దంటే ఆగుతావు? ఎవడి నోట్లో మాట దాగుతుంది? పేర్లు రాయొద్దు అనలేదు, మీ పేరు మాత్రం రాయకండి అన్నాను.

ఎవరొచ్చారో ఊహించగలరా? పచ్చ బ్యాడ్జీల్లో ఒక్కడూ రాలేదు. అందరికన్నా ఎక్కువసార్లు వచ్చిన పేరు ఎవరిది? బస్సు షెల్టరు వెనక కూర్చున్నవాడిది. నా రైడరుది.

వెళ్లి అడిగాను. ‘నానే కాలుస్తాను, నానేటి సెప్తాను మాస్టారూ?’ అన్నాడు. నువ్వు చెప్పక్కర్లేదురా, నువ్వూ మానడానికి ప్రయత్నించు, నీతో పాటు ఇంకెవడైనా ప్రయత్నిస్తే పక్కన ఉండు అన్నాను. పేర్లు అడగను అన్నాను. మూడు రోజులు ఆలోచించి వచ్చాడు, ఐదుగుర్ని తీసుకుని. ఎందుకొచ్చారో తెలుసా? క్యాన్సరు కోసం కాదు. 1600 మీటర్ల కోసం.

మన జిల్లాల్లో తల్లులకి చెప్పక్కర్లేదు కదా 1600 మీటర్లంటే ఏమిటో. ఆర్మీ సెలెక్షనుకి అదే పరుగు, కానిస్టేబులుకీ అదే. తెల్లవారుజామున అయ్యకోనేరు గట్టు మీదా, రోడ్ల మీదా పరిగెత్తే కుర్రాళ్లంతా దాని కోసమే. ఈ ఆరుగురూ మూడో చుట్టు దగ్గర ఆగిపోతున్నారు.

వాళ్లకి నేను చెప్పిన సైన్సు ఇంతే. రక్తంలో ఎర్రకణాలు బస్సు లాంటివి, ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కుతుంది, కాళ్ల దగ్గర దిగుతుంది. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. అది ఏం చేస్తుంది? మన కాంప్లెక్సులో బస్సు ఆగక ముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలేసేవాడు ఉంటాడు చూడండి, అలా సీటు ఆపేస్తుంది. ఆక్సిజన్ వచ్చేసరికి సీటు లేదు. బస్సు నిండుగానే కనబడుతుంది, కాళ్లకి మాత్రం ఎవరూ దిగరు. సంతోషమేమిటంటే, మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఆ తువ్వాళ్లన్నీ పోతాయి. దగ్గు తగ్గడానికి నెలలు పడుతుంది గానీ, ఇది మాత్రం రెండు రోజులే. 17 ఏళ్లవాడికి 50 ఏళ్లనాటి మాట అక్కర్లేదు, ఎల్లుండి మాట కావాలి.

రెండో సైన్సు ముక్క. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. చేరి ‘హమ్మయ్య’ అనిపిస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది, మళ్లీ కావాలంటుంది. మానేసినప్పుడు మొదటి మూడు రోజులు మహా చిరాకు. నిద్ర పట్టదు, ఆకలి ఎక్కువ, అమ్మ మీద అరుస్తాడు. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతూ వస్తుంది. అయితే ఆ ‘కావాలి’ అన్న తహతహ ఉంది చూశారా, అది గంటల తరబడి ఉండదు. కెరటంలా వస్తుంది, లేస్తుంది, మూడు నుంచి ఐదు నిమిషాల్లో విరిగిపోతుంది. భీమిలిలోనో, కళింగపట్నంలోనో కెరటం చూశారు కదా, నెత్తి మీద పడుతుందనుకుంటాం, కాళ్లు తడిపి వెళ్లిపోతుంది. ఆ ఐదు నిమిషాలు ఒంటరిగా నిలబడలేడు. పక్కన ఒకడుంటే నిలబడగలడు. జోడీ ఎందుకు కావాలంటే ఆ ఐదు నిమిషాల కోసం.

నేను కళ్లారా చూసింది చెప్తాను. పదిన్నర ఇంటర్వెల్. బెల్లు కొట్టారు. వాళ్లలో ఒక సన్నటి కుర్రాడు, మానేసి రెండో రోజు, గోడ వైపు నడుస్తున్నాడు. చెయ్యి జేబులో చిల్లర కలుపుతోంది, ఆ చప్పుడు నాకు వినబడుతోంది. నేను వరండాలో స్తంభం పక్కన ఉన్నాను, కనబడలేదు వాడికి. రైడరు వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ‘మానేస్తానన్నావు కదరా’ అనలేదు. ‘సిగ్గు లేదా’ అనలేదు. ఏమన్నాడంటే, ‘ఇప్పుడొద్దు, బెల్లు కొట్టాక సూద్దాం. కొళాయి దాకా రా.’ అంతే. కొళాయి దగ్గరికి తీసుకెళ్లాడు. ఇద్దరూ దోసిలితో నీళ్లు తాగారు, మొహం కడిగారు, చొక్కా తడిసింది. రాత్రి కబడ్డీ మ్యాచి ఏదో టీవీలో చూశాడట, అది చెప్తున్నాడు, చేతులు తిప్పుతూ. ఆ సన్నటివాడు వినడం లేదు, గోడ వైపే చూస్తున్నాడు. మధ్యలో ఓసారి నవ్వాడు. బెల్లు కొట్టారు. క్లాసుకి పోయారు.

చూశారా ఆ కుర్రాడి తెలివి? మానెయ్ అనలేదు. జీవితాంతం అనలేదు. బెల్లు కొట్టాక చూద్దాం అన్నాడు. బెల్లు కొట్టాక క్లాసుంటుంది! నేను మూడు గంటలు ఉపన్యాసమిచ్చినా నా నోట ఆ మాట రాదు. డాక్టర్లు కూడా ఇదే చెప్తారండీ, తహతహ వచ్చినప్పుడు కాసేపు వాయిదా వెయ్యి, ఊపిరి గట్టిగా తీసుకో, నీళ్లు తాగు, వేరే పనిలో పడు అని. వాడికెవరూ చెప్పలేదు, వాడికి వాడే కనిపెట్టాడు.

వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు కూడా వాళ్లవే. ఒకరి పేరు ఒకరు బయట చెప్పకూడదు. కాల్చినవాడు కాల్చానని వాడే చెప్పాలి, చెప్పినవాణ్ణి వెక్కిరించకూడదు. చిల్లర జేబులో ఉంచుకోకూడదు, జోడీ దగ్గర పెట్టాలి. శనివారం పొద్దున్న 1600 పరిగెత్తి టైము గోడ మీద సుద్దతో రాయాలి. నా పని? స్టాప్‌వాచీ పట్టుకోవడం. నోరు మూసుకోవడం. రెండోది కష్టం.

ఇప్పుడు జారిపోవడం గురించి. జారతారు. ఇది తల్లిదండ్రులు బాగా వినాలి. మన సిరిమాను పండగకి ముందు రోజు తొలేళ్లు కదా, ఊరంతా రాత్రంతా రోడ్ల మీదే. చుట్టాలొస్తారు, ఊళ్లనుంచి బావలొస్తారు, విశాఖలో పనిచేసే అన్నలొస్తారు. ఆ సన్నటి కుర్రాడు ఏడు వారాలు ఆగినవాడు, గంటస్తంభం దగ్గర జనంలో బావ ఇచ్చాడని తీసుకున్నాడు. ఒకటి కాదు, తెల్లారేసరికి నాలుగు.

పండగైన మర్నాడు కాలేజీకి వచ్చాడు, గ్రౌండు వైపు రాలేదు. నాకు అదే భయం, మళ్లీ బస్సు షెల్టరు. రైడరు వెళ్లి వాడి పక్కన కూర్చుని ఏమడిగాడంటే, ‘ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటలకి?’ తప్పు అడగలేదు, వివరం అడిగాడు. అడిగి చివర్లో, ‘ఒచ్చే ఏడు తొలేళ్లకి నా ఎనకాలుండు, మీ బావని నాను సూసుకుంటాను’ అన్నాడు. ‘ఏడు వారాలు ఆగినోడివి, నాలుగు కాల్చినోడివి కాదు’ అని కూడా అన్నాడట. ఇది నాకు ఆ సన్నటివాడే చెప్పాడు, ఏళ్ల తర్వాత, సెలవు మీద వచ్చినప్పుడు. అవును, సెలెక్టయ్యాడు.

మరి ఆరుగురూ మానేశారా? లేదు. ముగ్గురు మానేశారు. ఒకడు మానడం, మొదలెట్టడం, మానడం. ఒకడు ఊరు మారిపోయాడు, తెలియదు. ఒకడు మొన్న పూల్‌బాగ్ రోడ్డులో కనబడ్డాడు, నన్ను చూసి చెయ్యి వెనక్కి పెట్టాడు. నాకు సంతోషం వేసింది. ఎందుకంటారా? దాచుకున్నాడు కదా.

పిల్లల మీద అంతా వదిలెయ్యమని నేననడం లేదు. పక్కన నిలబడటం వాళ్ల పని, బరువంతా మొయ్యడం వాళ్ల పని కాదు. గంజాయి కలిసిందనుకోండి, కుర్రాడు తిండి మానేసి, ఎవరితో మాట్లాడక, బతుకు మీద విరక్తి మాటలు అంటున్నాడనుకోండి, అప్పుడు రహస్యం ఉండకూడదు, పెద్దవాళ్లకి చెప్పాల్సిందే. ఇది జోడీలకి మొదటి రోజే చెప్పాలి. పొగాకు మానడానికి ప్రభుత్వం వాళ్ల నంబరు ఉంది, 1800-11-2356, డబ్బులు పడవు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఫోన్లు తియ్యండి, రాసుకోండి. నికోటిన్ చూయింగ్ గమ్ములు కొట్లో దొరుకుతాయి, పిల్లలకి మాత్రం డాక్టర్ని అడక్కుండా ఇవ్వకండి. వేప్ పెన్నులంటున్నారు ఇప్పుడు, పెన్ డ్రైవులా ఉంటుంది, పళ్ల వాసనొస్తుంది. మన దేశంలో 2019 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

కొట్లవాళ్ల గురించి ఒక్క మాట. 18 నిండనివాడికి అమ్మకూడదు, బడికి వంద గజాల లోపు అమ్మకూడదు, ఇది 2003 చట్టం. 2015 నాటి బాలల చట్టం 77వ సెక్షను ప్రకారమైతే పిల్లలకి పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇస్తే అన్నారు, అమ్మితే అని మాత్రమే కాదు. ‘వెళ్లి నాకో సిగరెట్టు తేరా’ అని కొడుకుని పంపే నాన్నలూ, విన్నారా? మీ గురించి కొట్లో ఎవరూ ఫిర్యాదు చెయ్యరు లెండి.

ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు, ‘మా వాణ్ణి చెడగొట్టింది ఫ్రెండ్సే, వాళ్లని దూరం చేసేస్తే చాలదా మాస్టారూ?’ అని. బాబూ, మీ వాడు అవతలివాళ్ల నాన్న లెక్కలో ఆ ఫ్రెండ్సులో ఒకడు. వాళ్లింట్లో కూడా ఇదే మాట అంటున్నారు. ఆ నలుగుర్నీ విడదీస్తే నాలుగు చోట్ల కాలుస్తారు. నలుగురూ కలిసి ఉండగానే ఒకడు మానడం మొదలెడితే దారి దొరుకుతుంది.

ఒకమ్మ అడిగారు, చొక్కా ఉతుకుతుంటే జేబులో పొగాకు పొడి కనబడింది, ఏం చెయ్యాలి? వెంటనే ఏమీ చెయ్యకండి అమ్మా. వాసన పోవడానికి సోంపు నములుతున్నాడంటే మీరంటే లెక్కుందన్న మాట. ఆ రాత్రి అన్నం పెట్టాక, నాన్న లేనప్పుడు, ‘ఏటైంది బావూ, నాకు తెలిసింది, మీ నాన్నకి చెప్పను, మానాలని ఉందా?’ అనండి. ఉందంటే, ‘నీకు తోడెవరు?’ అని అడగండి. ఒక పేరు చెప్తాడు. ఆ పేరు మీకు నచ్చకపోవచ్చు. వాణ్ణే ఆదివారం టిఫినుకి పిలవండి.

అమ్మాయిల గురించి చెప్పలేదని ఆ మూడో వరసలో పాప మొహం చిట్లిస్తోంది. నిజమే తల్లీ. ఆ 2019 సర్వేలో ఆడపిల్లల్లో కూడా 7.4 శాతం మంది వాడుతున్నారని తేలింది, మగపిల్లలకీ వాళ్లకీ పెద్ద తేడా లేదు. కానీ మన దగ్గర అమ్మాయి ఎవరితోనూ చెప్పుకోలేదు, చెప్తే ఇల్లు కూలిపోతుంది. కాబట్టి వాళ్ల జోడీలు వాళ్లకి విడిగా ఉండాలి, నాలాంటి మగ మాస్టారు స్టాప్‌వాచీ పట్టుకుని అక్కడ ఉండకూడదు. మీ లేడీ లెక్చరరు గారితో మాట్లాడాను, ఆవిడ ఒప్పుకున్నారు.

చాలాసేపు మాట్లాడాను. ఇప్పుడు తర్వాతి అరగంట మాది కాదు. ఆ రైడరు వచ్చాడు, అదుగో, తలుపు దగ్గర నీలం చొక్కా. ఇప్పుడు ఆటో ఫైనాన్సులో పనిచేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. వాడితో పాటు మీ కాలేజీ కుర్రాళ్లే నలుగురు ఉన్నారు, వాళ్లని కాయితాల మీద మీరే ఎంచుకున్నారు, గత వారం. వాళ్లు మాట్లాడతారు. తల్లిదండ్రులు, లెక్చరర్లు, నాతో పాటు బయటికి రండి, వరండాలో టీ ఉంది, ఇంకా వేడిగానే ఉంది. ప్రిన్సిపాల్ గారూ, మీరు కూడా. తలుపు దగ్గరికి వేసెయ్యండి. కుర్రాళ్లూ, ఇప్పుడు ముందుకి రండి, కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. బాబూ, ఆ రికార్డింగు కూడా ఆపెయ్యి.